మౌసు పట్టిన మౌని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ. ఫోల్డరొకటి తెరువఁ బొద్దు గడిచిపోయెఁ
దెల్లబోయెఁ గిటికి దిక్కు లేక
చుట్టు తిరుగు చక్ర చోద్యమ్ముఁ జూచుచు
మౌసు పట్టి నేను మౌనినైతి

ప్రతిపదార్థం: ఫోల్డరొకటి = డౌన్‌లోడ్స్ అను పేరుగల ఫోల్డరును; తెరువన్ = రెండుమార్లు నొక్కి తెరవబోగా (ఆత్రముచేత ఆరుమార్లు అని పాఠాంతరం); పొద్దు = టీ వేళతో కూడిన కాలము; గడిచిపోయెన్ = వృథా అయ్యెను; కిటికి = ఫైల్ ఎక్స్‌ప్లోరరు విండో; దిక్కు లేక = మౌసుకు గాని కీబోర్డుకు గాని బదులీయజాలక; తెల్లబోయెన్ = పాలిపోయెను; చుట్టు తిరుగు చక్ర చోద్యమ్మున్ = బాణపు గుర్తు పోయి వచ్చిన నీలిచక్రపు వింతను; చూచుచున్ = కన్నార్పక కనుచు; మౌసు పట్టి = చేయి వదలక; నేను = ఆఫీసు కవిని; మౌనిని ఐతిన్ = పళ్లు కొరుకుచు ఊరకుంటిని.

తాత్పర్యం: మిగతా ఫోల్డర్లన్నీ బుద్ధిగా తెరుచుకున్నాయి. ఈ ఒక్కదాని దగ్గరే విండో కొయ్యబారింది.

విశేషాలు: ‘తెల్లబోయె’ అతిశయోక్తి అనుకునేరు, అచ్చమైన స్వభావోక్తి. విండో 5 సెకన్లపాటు పలక్కపోతే విండోస్ దాన్ని దాచి, అదే రూపంలో, నొక్కితే తెల్లబోయే నకలు విండోను నిలబెట్టి, నెత్తిన ‘నాట్ రెస్పాండింగ్’ అని రాస్తుంది. కవి అన్నిసార్లు నొక్కింది మాయాసీతను. అసలు సీత వెనకాల పనిలో ఉంది.

ఏమిటా పని? పక్క సీటు వ్యాఖ్యాత ‘వైరస్’ అని తేల్చేశారు. అది గ్రాహ్యం కాదు. ఫోల్డరులో పెళ్లి వీడియోలు, ఫొటోలు పోగుపడితే, విండోస్ దాన్ని తనంతట తానే వీడియోల ఫోల్డరుగా లెక్కగట్టవచ్చు. ఇక ప్రతి ఫైలునూ తెరిచి నిడివి ఎంత, బొమ్మ ఏది అని ఆరా తీస్తుంది. విండోస్ 10లో అడ్రస్ బారులో పాకే ఆకుపచ్చ గీత ఈ ఆరాకు గుర్తు. సగం దిగి ఆగిపోయిన వీడియో ఒక్కటుంటే, దాని థంబ్‌నెయిల్ దగ్గరే బండి నిలిచిపోవచ్చు. ఎప్పుడో తీసేసిన సర్వరుకు షార్ట్‌కట్ మిగిలి ఉన్నా ఇదే గతి: రాని జవాబు కోసం గడువు తీరేదాకా కాచుకుంటుంది. కాబట్టి కవి చక్రాన్ని ఆడిపోసుకోవడం అన్యాయమని నా మతం.

ఫలశ్రుతి: ఇది చదివినవారు ఫోల్డరు ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబుకు వెళ్లి ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకోవాలి. లొంగకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్’ దగ్గర టిక్కు పెట్టాలి. ఈలోగా విండో బిగుసుకుంటే, టాస్క్ మేనేజరులో విండోస్ ఎక్స్‌ప్లోరరును రీస్టార్ట్ చేయండి. టాస్క్‌బారు కూడా మాయమై తిరిగొస్తుంది, దాన్ని నడిపేదీ ఆ ప్రోగ్రామే. కంగారుపడి ప్లగ్గు మాత్రం పీకకండి.