వరమిచ్చిన దేవునికే వంకలు

2017లో రెండు గంటలకు కుదించి విడుదల చేసిన ‘జస్టిస్ లీగ్’ చలనచిత్రము దర్శకుని హృదయము కానే కాదని, జాక్ స్నైడర్ సంకల్పించిన అసలు ప్రతిని వెలువరింపవలసినదేనని మూడు సంవత్సరములకు పైగా అభిమానులు సలిపిన ఘోరతపస్సు ఫలించి, 2021 మార్చి 18న హెచ్‌బీఓ మ్యాక్స్ వారు 242 నిమిషముల సమగ్రప్రతిని ఓటీటీ ప్రసాదముగా అనుగ్రహించిరి. వరము చేజిక్కిన పిమ్మట భక్తులు పలికిన పలుకులు వినదగినవి. ‘మహాకావ్యము’ అని చెమర్చిన కన్నులతో కొనియాడిన రసజ్ఞుడే, రెండవ అధ్యాయమునకు ముందు టీ కాచుకొని, నాలుగవదానికి ముందు భోజనము ముగించి, ఆఱవదానియందు గుఱక పెట్టెను. చిత్రము 4:3 చట్రమున నుండుటచే తెరకు ఇరువైపుల కనవచ్చిన నల్లని పట్టీలను గాంచి, టీవీ చెడినదని మెకానిక్కునకు కబురంపినవాడు మఱియొకడు. మెఱుపువేగమునకు పేరొందిన ఫ్లాష్, గాలిలో తేలియాడు సాసేజిని అతినిదానముగా అందుకొనుచుండగా, ఓపిక నశించిన ప్రేక్షకుడు రిమోటు నొక్కి వానికి ఒకటిన్నర రెట్లు వేగమును దానము చేసెను! ఇన్ని అవస్థలు పడినవారే మఱునాడు ‘తరువాయి భాగములేవి?’ యని మరల ఉద్యమమునకు నడుము బిగించిరి. కునుకు చాలలేదు కాబోలు!