కలలో కూడా ప్లాటే!

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇప్పటివాళ్లతో పోలిస్తే ఆ తండ్రి చాలా నయం. కొడుక్కి పేరు మాత్రమే పెట్టి ఊరుకున్నాడు. మనవాళ్లయితే పుట్టని ఆ సోమలింగం పేరు మీద హైదరాబాద్ శివార్లలో శంకర్‌పల్లి వైపు రెండొందల గజాలు చూసి, ఈశాన్యం పెరిగిందో లేదో కనుక్కుని, లింకు డాక్యుమెంట్లు క్లియరేనా అని నిలదీసి, టోకెన్ అడ్వాన్సు దగ్గర మాత్రం ఆగుతారు. ఆపేది వివేకం కాదు, జేబు.

"ఉన్నట్టుండి నీకు కోటి రూపాయలొస్తే ఏం కొంటావు? ఒక్కటే చెప్పాలి." ఈ ఆట ఆడని తెలుగువాడు లేడు. టీకొట్టు దగ్గర ఆడతాం, పెళ్లి భోజనాలయ్యాక కిళ్లీ నములుతూ ఆడతాం, బండి సిగ్నల్ దొరక్క ఆగినప్పుడు పైబెర్తువాడితో ఆడతాం. ఊహకి వాయిదాల్లేవు, మామగారి సలహాల్లేవు, కట్టుకున్నదాని మూతివిరుపుల్లేవు. చంద్రమండలం మీద ఓ రాత్రి పడుకుంటానన్నా కాదనేవాడు లేడు. అంత స్వేచ్ఛ చేతికిస్తే మనం చెప్పే జవాబు: "ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర్లో ఓ ప్లాటు." ఇల్లు కూడా కాదు, గమనించండి. ఇల్లయితే ఉండాలి, వెల్ల వేయించాలి. ప్లాటుకి నాలుగు హద్దురాళ్లు చాలు. కొనేది ఉండటానికి కాదు, ఇంకోడికి అమ్మటానికి. ఆ ఇంకోడు కొనేదీ అందుకే. డల్లాస్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లయిన ఇంజనీరుని అడగండి, ఆయన కలా షాద్‌నగర్‌లోనే ఆగుతుంది. మనిషికి వీసా వచ్చింది గానీ కలకి రాలేదు.

రజనీకాంత్ 'అరుణాచలం' 1997లో వచ్చింది. అందులో హీరోకి ఒక పరీక్ష: ముప్పై రోజుల్లో ముప్పై కోట్లు ఖర్చుపెట్టాలి, గడువు తీరేసరికి చేతిలో ఆస్తి అంటూ ఏదీ మిగలకూడదు. నెగ్గితే మూడు వేల కోట్లు. పాపం ఆయన రాజకీయ పార్టీ కూడా పెట్టి నానా తంటాలు పడ్డాడు. అదే పరీక్ష మనవాడికి పెడితే మొదటిరోజు పదకొండింటికే ఓడిపోయేవాడు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద. అదీ రాహుకాలం చూసుకుని బయల్దేరబట్టి, లేకపోతే పదింటికే.

సరే, ఆ కోటీ వచ్చిందే అనుకుందాం. లెక్క వేద్దాం. లాటరీ సొమ్ముకైనా టీవీ ఆటలో గెలిచినదానికైనా ఆదాయపు పన్ను 30 శాతం. 50 లక్షలు దాటింది కాబట్టి ఆ పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి. ఆ రెండింటి మీదా 4 శాతం సెస్సు. వెరసి 34 లక్షల 32 వేలు ప్రభుత్వానికి. కోటీశ్వరుడి చేతికి 65 లక్షల 68 వేలు. 2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలోని నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం 2 లక్షల 8 వేల పైచిలుకు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో ఏడున్నర శాతం. అన్నీ పోను మన కోటీశ్వరుడికి దక్కేది 29 గజాలు. అందులో కారు పెట్టుకుంటే తులసికోటకి చోటుంటుంది. తులసికోట కట్టుకుంటే కారు దిగే చోటుండదు.

ప్లాటు కాకుండా మనసుపడి కొనేవాళ్లు మనలో లేరా? ఎందుకు లేరు! బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994 వేలంపాటలో 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు. అదే ఏడు బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల సముదాయంలో లడ్డూ పాట రెండు కోట్లు దాటింది. ఆ సొమ్ము మంచి పనులకే పోతుందంటారు, పోనీండి. కానీ మంచి పనికి ఊరికే ఇస్తే ఫొటో రాదు, లడ్డూ నెత్తిన పెట్టుకుంటే వస్తుంది. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో నాలుగు తొమ్మిదుల నంబరు 25 లక్షల 50 వేలకు పోయింది. ఆ నంబరు తగిలించిన కారు ఆ నంబరు లేని కారుకన్నా ఒక్క మీటరు ఎక్కువ నడవదు, ఒక్క చుక్క పెట్రోలు తక్కువ తాగదు. డబ్బులేనివాడు తిరిగి అమ్మటానికి కొనే కల కంటాడు. డబ్బున్నవాడు ఎదుటివాడు కుళ్లుకోవటానికి కొంటాడు. తనకోసం తాను కోరుకోవటం ఇద్దరికీ చేతకాదు.

కల నిజమైనవాళ్ల మాటేమిటి? 2011లో కౌన్ బనేగా కరోడ్‌పతిలో 5 కోట్లు గెలిచిన బిహార్ యువకుడు సుశీల్ కుమార్, ఆ తర్వాతి కాలమే తన బతుకులో అన్నిటికన్నా గడ్డుకాలమని 2020లో తానే రాసుకున్నాడు. దానాలనీ వ్యాపారాలనీ సొమ్ము పోయింది, మోసగాళ్లు చేరారు, తాగుడు పట్టుకుంది. 2022లో కేరళ ఓనం బంపర్‌లో తిరువనంతపురం ఆటో డ్రైవరుకి 25 కోట్లు తగిలాయి. పన్నులూ కమీషన్లూ పోయాక చేతికొచ్చే డబ్బుకన్నా ముందే సాయం అడిగేవాళ్లు గుమ్మానికొచ్చారు. వారం తిరక్కుండానే, ఎందుకు గెలిచానా అని ఆయన బాహాటంగా వాపోయాడు. ఒక్కటే కొనమంటే ఆయన ఆ క్షణాన కొనుక్కునేది మనశ్శాంతి. దానికి బంపర్ టికెట్ ఎవరూ వేయలేదు.

ఈ ఆటలో ఒక జవాబు చెల్లదు. కూలివాడిని, కౌలురైతుని, చీటీ పాడుకున్న ఇల్లాలిని అడిగి చూడండి: "కోటొస్తే ముందు అప్పులు తీర్చేస్తా" అంటారు. "అది కాదు, కొనేదేమిటో చెప్పు" అని మనం కసురుకుంటాం. బాకీ తీర్చటం కొనుగోలు కాదు కదా! 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద వ్యవసాయ కుటుంబాల్లో సగానికి అప్పుంది. ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతానికి. తెలంగాణలో 91 శాతానికి పైగా. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో సేద్యపు కుటుంబం నెత్తిన సగటున 2 లక్షల 45 వేలు. కోకాపేట ధరకి అది గజం నేల, మీద కాస్త చిల్లర. ఒక పక్క గజం నేల రేటు, ఇంకో పక్క అదే రేటుకి ఒక రైతు కుటుంబం మొత్తం తాకట్టు. పేదవాడు ఊహలో కూడా ఆస్తి కొనటం లేదు. సున్నా కొంటున్నాడు. బాకీల పద్దులో అడుగున ఒక్క సున్నా చూసుకోవాలని అతని కోరిక. ఈ దేశంలో ఖరీదైన వస్తువు అదే.

అలాంటివాడికే కల అమ్మేవాళ్లు బయల్దేరారు. అనుమతులే రాని ఫ్లాటుకి 'ప్రీలాంచ్ ఆఫర్' అని మొత్తం సొమ్ము ముందే కట్టించుకునేది ఒకడు. వంద పెడితే లక్ష అని ఫోన్లో పలికేది ఇంకొకడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. అయినా 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద హైదరాబాద్ పరిసరాల్లో సినిమావాళ్లపై కేసులు పెట్టాల్సి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టాలు వరసగా వస్తూనే ఉన్నాయి, కల మాత్రం పేరు మార్చుకుని కొత్త యాప్‌లో దిగుతూనే ఉంది. ఎందుకు దిగదు? ఎరువుకి అప్పు, ఆసుపత్రికి అప్పు, ఇంజనీరింగ్ సీటుకి అప్పు ఉన్నవాడికి న్యాయంగా సంపాదించి గట్టెక్కే దారి కనపడనప్పుడు కోటి కలే దారిలా కనిపిస్తుంది. ఎదురుగా పెద్ద హోర్డింగు మీద హీరో నవ్వుతూ ఆ దారే చూపిస్తాడు. ఆ హీరోకి కోటి ఊహ కాదు, పారితోషికం.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఈసారి ఎవరైనా "కోటొస్తే ఏం కొంటావు?" అంటే, అడిగినవాడు రియల్ ఎస్టేట్ ఏజెంటో, యాప్ ఏజెంటో కాదని ముందు తేల్చుకోండి. కాదని తేలితే నిజం చెప్పేయండి: "ఏమీ కొనను, బాకీ కడతా." ఆట పాడైపోతుంది. పాడవ్వాల్సిన ఆటే అది.