అష్టభోగ స్వామ్యము

రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఆయన ఉన్నంతకాలము ఇల్లుగను, మా తండ్రిగారి కాలమున అద్దెయిల్లుగను వర్తిల్లి, నా హయాము వచ్చునప్పటికి అది ఇల్లవునా కాదా యని వాదింపదగిన స్థితికి చేరుకొనెను. దూలములు చెదలకు నైవేద్యములయ్యెను. 1986 ఆగస్టులో గోదావరి ఉగ్రరూపము దాల్చిననాటి వానలకు తూర్పుగోడ సన్నగా బీటవారగా, ఆ బీట ఏటేట వృద్ధినొంది, తొలుత బల్లికిని, పిదప పిల్లికిని, తుదకు సకుటుంబముగా పిల్లికిని రాజమార్గమయ్యెను.

మరమ్మతు చేయింపవలెనని తాపీమేస్త్రీని పిలిపించితిని. అతడు గోడను వ్రేలితో తట్టి, రాలిన సున్నమును అరచేత నలిపి చూచి, "బాబుగారూ, దీన్ని ముట్టుకోకండి. ముట్టుకుంటే పడిపోద్దండి. ముట్టుకోకపోతే ఇంకో పదేళ్లు ఉంటదండి" అనెను. ఇంతటి నిష్కపటమైన సలహా నాకు వైద్యులవలన సైతము లభింపలేదు. ఇదే ఊర వీరేశలింగము పంతులుగారు పుట్టిన ఇంటిని ప్రభుత్వమువారు పదిలముగా కాపాడుచున్నారు. మా తాతగారు కూడ ఏదో యొక సంస్కరణోద్యమమున పాల్గొనియుండిన నాకీ చిక్కు లేకపోయెడిది గదా యని ఆ రాత్రి ఆయనను కొంత నిందించితిని.

కావున ఉన్నది ఉన్నట్లుగా అమ్మివేయుటకు నిశ్చయించితిని. ప్లీడరైన మిత్రుడొకడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షనును చూపి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని దోషము ఏదైనను అమ్మువానికి తెలిసియున్నచో దానిని విధిగా చెప్పవలెనని హెచ్చరించెను. ఆ సాయంత్రమంతయు ఇంటిలో దాగియున్న దోషమొక్కటియైన దొరకునా యని వెదకితిని. ఒక్కటియు దాగియుండలేదు.

ఒకవేళ దాగియున్నను మా అద్దెవారు దాగనిచ్చువారు కారు. ఆయన ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులు. ముప్పదియొక్క సంవత్సరములుగా ఆ ఇంట నివసించుచు, వానకాలమున ఏ గదిలో ఏ గిన్నె ఎచట పెట్టవలెనో కన్నులు మూసికొని చెప్పగలవారు. బేరమునకు వచ్చినవారికి మంచినీళ్లిచ్చి, క్షేత్రమాహాత్మ్యము చెప్పు పూజారివలె, "ముందు బీట దర్శనం చేసుకోండి, తరవాత దూలం" అని త్రిప్పి చూపువారు. "మాస్టారూ, కాస్త తగ్గించి చెప్పండి" అని నేను బ్రతిమాలగా, "నాయనా, ఉన్నది ఉన్నట్టే అమ్ముతానన్నావు కదా, ఉన్నదే చెబుతున్నాను" అనిరి.

వచ్చినవారిలో ఒకాయన ఈశాన్యమున నుయ్యి ఉన్నందుకు సంతసించి, నైరృతి పల్లమైనందుకు విచారించి, ఆ విచారముతోనే వెడలిపోయెను. తుదకు అపార్టుమెంట్లు కట్టువాడొకడు వచ్చి, లోనికి అడుగైన పెట్టక, వీథినుండియే టేపు పట్టించి, "రెండువందల ఎనభై గజాలు" అనెను. ఇల్లు చూడరా యంటిని. "ఇల్లెందుకండీ?" అని అతడు నిజముగా ఆశ్చర్యపడెను. అంతట నిలువక, పడగొట్టు కూలియు, మట్టి ఎత్తించు లారీల బాడుగయు లెక్కగట్టి ధరనుండి తీసివేయుమనెను. మూడు తరములవారిని ఎండనుండియు, కొంతమేరకు వాననుండియు కాపాడిన గృహము వెల సున్న గూడ గాక, సున్నకు దిగువ నుండుట నాకప్పుడు తెలియవచ్చెను.

దస్తావేజు వ్రాయించు దినమున లేఖరి పూర్వసంప్రదాయము తప్పక, ఈ ఆస్తిని నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో విక్రయించుచున్నానని చదువుచుండగా, నాకు లోలోపల నవ్వాగలేదు. నిధి నిక్షేపముల కొఱకు చెదపురుగులు ఏండ్ల తరబడి త్రవ్వుచునే యున్నవి. దొరకినట్లు ఇంతవరకు కబురు లేదు. జలము తక్కిన ఇండ్లలో నూతిలో మాత్రమే యుండును, మా ఇంట నెత్తిమీదను గలదు. పాషాణములు త్రవ్వనక్కరలేదు, గోడనుండి తమంత తామే విచ్చేయును. అక్షీణమనగా తరుగనిది, అది మాస్టారుగారి అద్దె, పెరుగుట మాత్రము దానికి తెలియదు. ఆగామి రాబోవు వానకాలము. ఇల్లు కూలుటకు సిద్ధము. సాధ్యమేమో మేస్త్రీ ముందే చెప్పియుండెను.

మా కట్టడమును ఇల్లుగా గౌరవించినది లోకమున రిజిస్ట్రేషను శాఖ యొక్కటియే. స్థలమునకు మాత్రమేగాక, వయసునుబట్టి కొంత తగ్గించి పెంకుటింటికిని వారు వెలగట్టి, ఆ మొత్తముపై స్టాంపు సుంకము అడిగిరి. "పడగొట్టేదానికి కూడా సుంకమేంటండీ?" అని కొనుగోలుదారు వాపోవుచుండగా నాకు మా తాతగారి ఆత్మ శాంతించినట్లు తోచెను.

మాస్టారుగారు ఖర్చులక్రింద కొంత పుచ్చుకొని కాకినాడలో కుమార్తె ఇంటికి తరలిరి. పోవుచు గిన్నెలన్నియు తమవెంట తీసికొనిపోయిరి. అచటిది డాబా యిల్లని చెప్పినను వినలేదు.

ఇంటిలో చెద ముట్టని వస్తువు ఒక్కటే, వీథి తలుపుల జోడు. రంగూను టేకు. సముద్రము దాటి ఓడలో వచ్చిన మ్రానని మా తాతగారు చెప్పుకొనుచుండెడివారు. దానిని మాత్రము నాకు వదలుమని అడుగగా కొనుగోలుదారు, "తలుపులకి అప్పుడే బేరం అయిపోయిందండి, మీరు కాబట్టి అదే ధరకి ఇస్తాను" అనెను. సమస్తమును అని వ్రాసి సంతకము చేసినవాడను నేనే కావున, మా తాతగారి తలుపును నేనే రొక్కమిచ్చి కొని, లిఫ్టులో పట్టకపోగా నలుగురు కూలీలచేత నాలుగవ అంతస్తునకు మోయించితిని. మా ఫ్లాటు గుమ్మము మూడున్నర అడుగులు. ఈ తలుపు ద్వారబంధముతో గూడ ఐదడుగులు. ప్రస్తుతము అది హాలులో గోడకు చేరబడియున్నది, టెలివిజను సగము కనబడును. గొళ్లెము సరిగా పడదు, ఎడమ రెక్క క్రింద చిన్న పగులున్నది, దోషములిన్నియే. కావలసినవారు వచ్చి చూచుకొనవచ్చును. ఉన్నది ఉన్నట్లుగా ఇచ్చెదను.