పావుగంటకో లెక్క, ఏడేళ్లకో బిల్లు

బెంగళూరులో రేస్‌కోర్స్ క్రాస్ రోడ్డని ఒక వీధి ఉంది. పేరుకు తగ్గట్టే ఆ చుట్టుపక్కల గుర్రాలు పరిగెడతాయి, జనం పందేలు కాస్తారు. అదే వీధిలో 29 నంబరు ఆవరణలో మాత్రం వేరే పందెం లెక్కలు తేలుతుంటాయి. దక్షిణాది గ్రిడ్డును రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే లోడ్ డిస్పాచ్ కేంద్రం అక్కడే ఉంది. ఏ రాష్ట్రం ఎంత కరెంటు ఎక్కువ లాగింది, ఎవరు ఎంత కట్టాలి అని వారం వారం పద్దు రాసే ప్రాంతీయ విద్యుత్ కమిటీ కూడా అక్కడే ఉంది. ఆ స్థలం ఎంచిన మహానుభావుడెవరో గాని, వ్యంగ్య రచయితల పొట్ట కొట్టాడు.

పందెం సంగతి ఇదీ. రేపు ఏ పావుగంటలో మాకెంత కరెంటు కావాలో ప్రతి రాష్ట్రం ఇవాళే చెప్పాలి. రోజుకు 96 పావుగంటలు. చెప్పిన అంకె ఒకటి, లాగిన అంకె ఒకటి అయితే ఆ తేడాకు డబ్బు కట్టాలి, లేదా పుచ్చుకోవాలి. దక్షిణాదిలో ఈ పద్ధతి 2003 జనవరి 1న మొదలైంది. అంతకుముందు ఎవరికి అందినంత వాళ్లు లాగేవారు, ఫ్రీక్వెన్సీ 50 నుంచి 48 దాకా జారేది, పాపం గ్రిడ్డు నీరసపడి మూలిగేది. కొత్త పద్ధతిలో ఆ మూలుగుకే రేటు కట్టారు. గ్రిడ్డు నీరసంగా ఉన్నప్పుడు ఎక్కువ లాగితే యూనిట్ ధర మండిపోతుంది, పుష్టిగా ఉన్నప్పుడు లాగితే చవక. ఆ తర్వాత 2014లో పేరు మార్చారు, 2022లో ఒకసారి, 2024లో మరోసారి నిబంధనలు మార్చారు. పావుగంట మాత్రం పావుగంటగానే ఉంది.

మరి ఎవరు ఎంత లాగారో తేల్చేదెవరు? మీటరు. మన వరండాలో బల్లులకు ఆశ్రయమిచ్చే మీటరు కాదిది. స్పెషల్ ఎనర్జీ మీటరంటారు. వెయ్యి యూనిట్లకు రెండు యూనిట్ల తేడా వస్తే దాని పరువు పోతుంది. రాష్ట్రం సరిహద్దులో గ్రిడ్డు లైను ఎక్కడ తగిలితే అక్కడల్లా ఉంటుంది. పావుగంట పావుగంటకూ ఎన్ని యూనిట్లు పోయాయో, ఆ సమయాన సగటు ఫ్రీక్వెన్సీ ఎంతో తనలో రాసుకుంటుంది. పెద్ద విద్యుత్కేంద్రాల దగ్గర ఒక్క మీటరుతో ఊరుకోరు. మెయిన్ మీటరు ఒకటి, దాన్ని అనుమానించడానికి చెక్ మీటరు ఒకటి, ఆ రెండూ పోట్లాడుకుంటే సాక్ష్యం చెప్పడానికి స్టాండ్‌బై మీటరు ఒకటి. మన పంచాయతీల్లో కూడా ఇంతమంది పెద్దమనుషులు ఉండరు.

మొదట్లో ఈ మీటరు దగ్గరికి మనిషి వెళ్లేవాడు. సోమవారం రాగానే సబ్‌స్టేషన్ ఉద్యోగి చేతిలో ఇమిడే యంత్రం ఒకటి పట్టుకెళ్లి, మీటరుకు తగిలించి, వారంలోని 672 పావుగంటల లెక్కనూ దించుకునేవాడు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఈమెయిల్లో బెంగళూరు పంపేవాడు. ఉద్యోగి సెలవు పెడితే, యంత్రం బ్యాటరీ అయిపోతే, నెట్ రాకపోతే దక్షిణ భారతదేశపు జమాఖర్చు ఆగేది. అందుకని ఆటోమేటిక్ మీటర్ రీడింగ్ తెచ్చారు. ఇప్పుడు మీటరే లైను కలుపుకుని తన లెక్క తానే అప్పజెబుతుంది. సెలవు అడగదు, డీఏ అడగదు, బదిలీకి ఎమ్మెల్యే సిఫార్సు లేఖ తేదు.

కరెంటు కొని అమ్మే ఎక్స్‌ఛేంజీలు కూడా ఈ మీటర్ల భరోసా మీదే నడుస్తున్నాయి. 2008లో కరెంటు ఎక్స్‌ఛేంజీకి ఎక్కింది. 2020 జూన్ నుంచి రియల్ టైమ్ మార్కెట్ వచ్చింది. మధ్యాహ్నం ఎండ చూసి, సాయంత్రం మబ్బు చూసి అర్ధగంటల లెక్కన కొనుక్కోవచ్చు. 2022 మార్చిలో ధర యూనిట్ 20 రూపాయల దాకా ఎగిసింది. వెంటనే నియంత్రణ మండలి 12కు కళ్లెం వేసింది, తర్వాతి ఏడాది 10కి బిగించింది. చూశారా, ఎక్కడికి తిరిగినా గుర్రాల భాషే వస్తోంది.

ఇంత నిష్ఠా సబ్‌స్టేషన్ గేటు దాకానే. గేటు దాటి లైను ఊళ్లోకి దిగగానే లెక్కకు సిగ్గేస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 40 లక్షలకు పైగా వ్యవసాయ పంపుసెట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే 14న ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్తు ఫైలు సంతకమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచితమే. ఆ ఉచితాన్ని నేను తప్పుపట్టడం లేదు. రైతు కరెంటు మీద లెక్చర్లిచ్చే ఏసీ గదులు ఎన్ని యూనిట్లు తాగుతాయో ముందు అది తేలాలి. నా పేచీ ఉచితంతో కాదు, అంచనాతో. ఆ మోటార్లలో చాలావాటికి మీటరు లేదు. మరి ఎంత వాడాయి? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచుకుని, వాటికి మీటర్లు పెట్టి, ఆ లెక్కను రాష్ట్రమంతటికీ సాగదీస్తారు. పద్ధతి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారిది, గణితం గట్టిదే. కాకపోతే ఎంచిన ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లలో ఎన్ని పనిచేస్తాయో, ఎన్ని కాలిపోయి ఉంటాయో లైన్‌మన్‌నే అడగాలి.

మా వీధిలో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఏడీఈ గారొకరున్నారు. ఆయన్ను అడిగాను.

"ఏమండీ, సరిహద్దులో వెయ్యికి రెండు యూనిట్ల తేడా ఒప్పుకోని మీరు, ఊళ్లోకొచ్చి కోట్ల యూనిట్లు అంచనా మీద ఎలా రాసేవారండీ?"

"చూడు బాబూ, బెంగళూరు వాడికి మనం డబ్బు కట్టాలి. అక్కడ లెక్క కావాలి. రైతు డబ్బు ప్రభుత్వం కడుతుంది. అక్కడ లెక్క ఉంటే ప్రభుత్వానికి ఇబ్బంది, లేకపోతే మాకు సౌకర్యం."

"సౌకర్యమేమిటండీ?"

"లైన్లో పోయిందీ, దొంగలు కొక్కేలేసి లాగిందీ ఎక్కడో ఒకచోట చూపించాలిగా? మీటరు లేని రైతు ఎదురు మాట్లాడడు." ఇంత చెప్పి ఆయన కాఫీ లోపలికి తీసుకెళ్లిపోయారు. పెన్షనున్న మనిషి.

ఏడీఈ గారి మాట ఎంతవరకు నిజమో తేల్చే సదవకాశం శ్రీకాకుళం జిల్లాలో వచ్చింది. అక్కడ ప్రయోగాత్మకంగా వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించారు. ఒక్క ఏడాదిలో వినియోగం మూడోవంతు తగ్గిందని అప్పటి ప్రభుత్వమే గర్వంగా ప్రకటించింది. కనెక్షన్లేమో పెరిగాయి, కరెంటేమో తగ్గింది! వరి నీళ్లు మానేసిందా? ఉద్దానం కొబ్బరి ఉపవాసం పట్టిందా? మీటరు చూసి మోటారు భయపడిందా? నా అనుమానం మరొకటి. తగ్గింది నీళ్లు కాదు, అంచనా. శ్రీకాకుళంలో మూడోవంతు అలా ఆవిరైతే, మిగతా జిల్లాల్లో ఇన్నేళ్లూ రైతు పేరున రాసిన యూనిట్లలో ఎన్ని నీళ్లయ్యాయి, ఎన్ని ఆవిరయ్యాయి? ఆ ప్రశ్న ప్రభుత్వపక్షం అడగలేదు, ఎందుకంటే జవాబు సబ్సిడీ పద్దులో ఉంటుంది. ప్రతిపక్షమూ అడగలేదు, ఎందుకంటే అప్పటికే వాళ్లు మోటార్లకు మీటర్లంటే రైతుల మెడకు ఉరితాళ్లని బ్యానర్లు కట్టేశారు. ఉరితాడన్న మాట కూడా కుర్చీని బట్టి నడుస్తుంది. ప్రతిపక్షంలో అది ఉరితాడు, అధికారంలోకి రాగానే సంస్కరణ. సంస్కరణకు కేంద్రం అదనపు అప్పు పరిమితి కూడా ఇస్తానందని గుర్తొస్తే ఉరితాడు మరికాస్త మెత్తబడుతుంది.

ఇళ్ల సంగతి వేరు. ఇళ్లలో మీటర్లున్నాయి, రీడర్లూ ఉన్నారు. మీటరు రీడరు వచ్చేసరికి మనం బజారుకెళితే 'డోర్ లాక్'. మీటరు తిరగడం మానేస్తే 'స్టకప్'. రెండింటికీ ఔషధం ఒకటే, సగటు బిల్లు. రేస్‌కోర్స్ రోడ్డులో ఒక పావుగంట లెక్క రాకపోతే దక్షిణాది ఇంజినీర్లంతా ఫోన్ల మీద ఉంటారు. మన ఇంట్లో నెల లెక్క రాకపోతే పోయిన మూడు నెలలు చూసి ఒక అంకె కొట్టేస్తారు. ఇప్పుడు స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి కనుక ఆ తాళం బాధ తీరుతుందంటున్నారు. తీరుతుంది. మన మీటరు కూడా పావుగంటకోసారి మన గుట్టు ఎవరికో చెబుతుంది. గుట్టు మనది, మీటరుకయ్యే ఖర్చు కూడా తిరిగితిరిగి మనదే.

అయితే లెక్క ఎంత ఆటోమేటిక్‌గా వచ్చినా డబ్బు ఆటోమేటిక్‌గా రాదు. ఇది కనిపెట్టడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, మన రెండు రాష్ట్రాలు చాలు. 2014 జూన్ నుంచి 2017 జూన్ దాకా ఆంధ్రప్రదేశ్ తెలంగాణకు కరెంటిచ్చింది. ఒకప్పుడు రెండు వైపుల పెద్దలూ హైదరాబాద్ విద్యుత్ సౌధ గేటులోంచే లోపలికి వెళ్లేవారు. ఒకే క్యాంటీన్‌లో ఇడ్లీ తినేవారు కూడా. 2022 ఆగస్టు 29న కేంద్ర విద్యుత్ శాఖ తెలంగాణను 30 రోజుల్లో అసలు 3,441 కోట్లు, ఆలస్యానికి సర్‌చార్జి 3,315 కోట్లు కట్టమంది. అసలుకు ముందు పుట్టినట్టుంది ఆ వడ్డీ! తెలంగాణ వెంటనే మాకే 12 వేల కోట్లకు పైగా రావాలంది. సంగతి కోర్టుకెక్కింది. 2023లో తెలంగాణ హైకోర్టు కేంద్రం ఉత్తర్వును కొట్టేసింది. గొడవంతటా ప్రధానంగా రూపాయల పేచీయే. మీటర్లు తమ పని తాము చేసుకుని, తిరుగుతూనే ఉన్నాయి.

అదే 2022 ఆగస్టులో మరో వినోదం. 18వ తేదీన గ్రిడ్ నిర్వాహక సంస్థ 13 రాష్ట్రాల్లోని 27 పంపిణీ సంస్థలకు, అంటే డిస్కంలకు, ఎక్స్‌ఛేంజీలో సరుకు అమ్మొద్దని ఎక్స్‌ఛేంజీలకు తాఖీదు ఇచ్చింది. ఉత్పత్తిదారులకు వాళ్ల బాకీ 5,085 కోట్లట. జాబితాలో తెలుగువాళ్లం రెండు చోట్లా ఉన్నాం. తెలంగాణది అందరికంటే పెద్ద పద్దు. ఏమైతేనేం, మనం ఏదో ఒకదాంట్లో ముందున్నాం. కట్టేశామని కొందరు, బాకీల పోర్టల్లో ఎక్కలేదని కొందరు అన్నారు. పావుగంట లెక్క మోసుకొచ్చిన తీగల మీదే కట్టిన డబ్బు లెక్క మాత్రం దారి తప్పిందన్నమాట.

ఇక వినియోగదారుడి వంతు. రాష్ట్రాలకు వారానికో పద్దు తేలితే, మనకు ఏడేళ్లకు తేలుతుంది. 2014-15 నుంచి 2018-19 దాకా వాడిన కరెంటుకు అప్పట్లో ఖర్చు తక్కువ అంచనా వేశామంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2021 సెప్టెంబరు బిల్లుల్లో ట్రూ అప్ మొదలుపెట్టారు. మొత్తం 3,669 కోట్లు. గొడవైతే ఆపారు. మళ్లీ లెక్కలు చూసి, కాస్త తగ్గించి 2022 ఆగస్టు నుంచి వసూలు మొదలుపెట్టారు. వసూలు మనిషి పేరున కాదు, సర్వీసు నంబరు పేరున. 2015లో అద్దెకున్నవాడు ఏసీ కింద పడుకుని అమెరికా వెళ్లిపోయాడు. 2022లో చేరిన కొత్త పెళ్లి జంట ఆ చల్లదనానికి డబ్బు కట్టింది. ఆ తర్వాత 2022-23 ఏడాదికి 6,072 కోట్లు, 2024 డిసెంబరు నుంచి 15 నెలల వాయిదాల్లో. బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అని ఐదు ఇంగ్లిషు అక్షరాలుంటాయి చూడండి, అదే. కొన్న రోజున, అమ్మిన పావుగంటలో ధర తెలిసిన కరెంటుకు ఏళ్ల తర్వాత బిల్లెందుకో అడిగితే, ఖాతాలు ఆడిట్ కావాలంటారు, విద్యుత్ నియంత్రణ కమిషన్ వినాలంటారు, ఎన్నికలు దగ్గరపడ్డాయని మాత్రం అనరు.

కమిషన్ అన్నారు కనుక ఒక మాట. డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ వ్యయ అంచనాలు ఏటా నవంబరు చివరికి కమిషన్‌కు ఇవ్వాలి. ఆ తర్వాత పేపర్లో ప్రకటన వస్తుంది, బహిరంగ విచారణ జరుగుతుంది. అభ్యంతరం ఎవరైనా పంపొచ్చు, అద్దెకున్నవాళ్లు కూడా. దానికి లాయరు అక్కర్లేదు. ఈసారి ప్రకటన కనిపించినప్పుడు సినిమా పేజీకి తిప్పేయకుండా ఒక కాగితం తీసి రెండు ప్రశ్నలు రాయండి. మీటరు లేని కనెక్షన్లకు ఏ ట్రాన్స్‌ఫార్మర్ల లెక్క చూసి ఎన్ని యూనిట్లు రాశారు? వారంలో తేలిన కొనుగోలు పద్దు మా బిల్లుకు చేరడానికి ఎన్నేళ్లు పడుతుంది? కింద సంతకం పెట్టి, సర్వీసు నంబరు వేసి, పోస్టు చేయండి.