గరుకుద్యోగం

పెళ్ళిచూపుల్లో అబ్బాయి సాఫ్ట్‌వేరు అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. బ్యాంకు అంటే "లోన్లు చూస్తాడా?" అని అడుగుతారు. మా నాన్న అబద్ధం చెప్పలేని మనిషి కాబట్టి, "మావాడు డీజిల్ ఇంజన్ల సిలిండర్ లైనర్లు లోపల ఎంత గరుగ్గా ఉన్నాయో కొలుస్తాడండీ" అనేవారు. అవతలివాళ్ళు కాసేపు కాఫీ కప్పుల వంక చూసుకునేవారు. తర్వాత ఎవరో పెద్దాయన మెల్లగా, "దానికి జీతం కూడా ఇస్తారాండీ?" అనేవాడు.

చివరికి పిల్లనిచ్చినాయన విజయవాడలో లారీల ఓనరు. లైనరంటే ఏమిటో ఆయనకి విడిగా చెప్పక్కర్లేదు. మీకు చెప్పాలి. పిస్టను పైకీ కిందికీ ఆడే గొట్టం అది. దాని లోపలి గోడను బోరు వేశాక హోనింగ్ రాళ్ళతో రుద్దుతారు. రాళ్ళు గిర్రున తిరుగుతూనే పైకీ కిందికీ పోతాయి గనక గోడ నిండా ఏటవాలు గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. చూపుకే అడ్డదిడ్డం. చాలా ఇంజన్లలో ఆ గీతలు కలిసే కోణం 40 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలని లెక్కుంది. ఆ గీతల్లో ఇంజనాయిలు నిలుస్తుంది, పిస్టను రింగులు దాని మీద జారతాయి. గీతలు మరీ లోతైతే లారీ ఆయిలు తాగుతుంది. అసలే లేకపోతే రింగులూ గోడా ఒకదాన్నొకటి తింటాయి. మన బండి ఈ రెంటికీ మధ్య ఎక్కడుందో చెప్పడమే నా ఉద్యోగం.

నా పనిముట్టుకి వజ్రపు మొన ఉంటుంది. మొన గుండ్రదనం చూస్తే వ్యాసార్ధం 2 మైక్రాన్లు. తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. ఇంట్లో వజ్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ సంగతి చెప్పబోయి మానేస్తుంటాను. పైగా ఈ కొలతల గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచాలని ప్రపంచమంతా ఒప్పుకుంది. అందువల్ల మే నెల వచ్చేసరికి మా ఫ్యాక్టరీలో గరుకుతనం గురించి సందేహాలున్నవాళ్ళు ఒక్కసారిగా పెరిగిపోతారు. సందేహం తీరినా గదిలోంచి కదలరు.

సూది గోడ మీద నిలువునా 4 మిల్లీమీటర్లు చదివి, గ్రాఫు గీసి, ఒక అంకె ఇస్తుంది. దాని పేరు ఆర్‌ఏ. మధ్యలో ఒక సగటు గీత గీసి, దాన్నుంచి ప్రతి ఎత్తూ, ప్రతి లోతూ ఎంతెంత దూరమో చూసి, వాటన్నిటికీ మళ్ళీ సగటు కడితే వచ్చేది. ఇందులో ఒక తమాషా ఉంది. గ్రాఫుని తలకిందులుగా తిప్పినా అదే ఆర్‌ఏ. అంటే పైన చదునుగా ఉండి అక్కడక్కడా లోతు గీతలున్న గోడకీ, అడుగు చదునుగా ఉండి అక్కడక్కడా మొనలు లేచిన గోడకీ ఒకే అంకె రావచ్చు. మొదటిది రింగుల్ని కాపాడుతుంది, రెండోది గీకి పారేస్తుంది. అయినా డ్రాయింగు మీద ఆర్‌ఏ ఒక్కటే రాసి ఊరుకునేవాళ్ళకి కొదవలేదు. ఒక్క అంకెతో సంతకం అయిపోతుంటే రెండో అంకె అడిగేవాణ్ణి ఏ ఆఫీసులోనూ ఇష్టపడరు.

ఇలా ఉండగా మావయ్యగారి లారీ ఒకటి నీలం పొగ మొదలెట్టింది. ఇంజను విప్పి, బ్లాకుని ఆటోనగర్‌లో ఒక బోరింగ్ షాపుకి పంపారు. పాత స్లీవులు, అంటే లైనర్లే, లాగి, కొత్తవి దించి, బోరు వేసి, హోనింగ్ చేశారు. మావయ్యగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, బ్లాకులోకి టార్చిలైటు వేసి చూసి, ఒక్క అరుపు అరిచారు.

"ఏంటయ్యా ఇది! కొత్త స్లీవుల నిండా గీతలు పెట్టావు?"

మేస్త్రీ నా వైపు చూశాడు.

"గీతలుండాలి మావయ్యగారూ."

"మీరూరుకోండి అల్లుడుగారూ. డబ్బు పోసి పని చేయిస్తే అందులో నా మొహం కనపడాలి."

మొహం కనపడేంత నునుపైతే ఆయిలు నిలవదనీ, రింగులు కుదురుకోవనీ, మళ్ళీ ఇదే పొగ వస్తుందనీ చెప్పి, సంచిలోంచి చిన్న టెస్టరు తీశాను. సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో లారీ క్యాబిన్ రేకు సాగగొట్టడం మొదలెట్టారు. సూది చదవాల్సింది మైక్రానులో పదోవంతు. గ్రాఫు మీద పడింది స్లీవు గరుకో, పక్కవాళ్ళ సుత్తో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. వాళ్ళు టీకి వెళ్ళేదాకా ఆగాం. ఆటోనగర్‌లో సూక్ష్మమైన కొలతలకి ముహూర్తం టీ టైమే.

మూడో బోరు ఆర్‌ఏ 0.6 మైక్రాన్లు. ఐదో బోరూ 0.6. "రెండూ ఒకటే" అన్నాను. మేస్త్రీ రెంటినీ చూపుడువేలి గోటితో గీరి, "ఐదోది గోటికి పట్టుకుంటోంది సార్, ఇంకోసారి సన్నరాయి వెయ్యాలి" అన్నాడు. ఆ గోటికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేదు. కానీ టెస్టరులో తర్వాతి పేజీ తిప్పితే గోరు చెప్పిందే నిజమని తేలింది.

ఆ పేజీ వెనక ఇద్దరు పెద్దమనుషులున్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అబ్బాట్, ఫైర్‌స్టోన్ అనేవాళ్ళు 1933లోనే ఈ చిక్కుకి ఒక వక్రరేఖ గీశారు. గోడను పైనుంచి పొర పొరగా కోస్తూ పోతే, ఏ లోతులో ఎంత శాతం లోహం తగులుతుందో చెప్పే రేఖ అది. దాన్ని మూడు వాటాలు వేస్తారు. పైన ఉండే మొనలు ఆర్‌పీకే. రింగులు అరగదీసేది ముందు వాటినే. మధ్యలో చాలాకాలం బరువు మోసే భాగం ఆర్‌కే. అడుగున ఆయిలు దాచుకునే లోయలు ఆర్‌వీకే. ఈ వాటాలకి 1996లో ఐఎస్‌ఓ 13565 అనే ప్రమాణం వచ్చింది. ఆ నంబరు నోటికి పట్టేసరికి 2021లో 21920 అని కొత్తది తెచ్చారు. గరుకు ఎప్పట్లాగే ఉంది, నంబరు మాత్రం నున్నగా మారింది. మా మూడో బోరుకి ఆర్‌పీకే 0.2, ఐదోదానికి 0.7. సగటు కప్పెట్టిన మొనల్ని గోరు బయటపెట్టిందన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లోతు గీతలున్నచోట సగటు గీత కూడా కిందికి వంగి, పక్కనున్న చదునునేల లేనిపోని గుట్టలా కనపడుతుంది. అందుకని లెక్కలో ముందు లోయల్ని పూడ్చి, సగటు గీత గీసి, ఆ తర్వాత లోయల్ని మళ్ళీ తవ్వుతారు.

"పూడ్చి తవ్వుతారా?" అన్నారు మావయ్యగారు అంతదాకా లేని ఆసక్తితో. "కాంట్రాక్టు ఎవరిది?"

ఐదో బోరు సరిచేశాక బ్లాకుని వేణ్ణీళ్ళూ సబ్బూ పెట్టి బ్రష్షుతో తోమించాను. పెట్రోలుతో కడిగితే రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగుల్ని నములుతుంది. తెల్లగుడ్డకి ఆయిలు రాసి తుడిస్తే బూడిదరంగు అంటకూడదు. అంటుతూనే ఉంది, తోముతూనే ఉన్నారు. లారీల ఓనరు గిన్నెలు తోమే సబ్బు కొనుక్కొస్తుంటే ఆటోనగర్ అంతా చూసింది.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర అబ్బాట్, ఫైర్‌స్టోన్ గురించి మళ్ళీ ఎత్తుకున్నాను. మావయ్యగారి మొహంలో మార్పు లేదు. వడ్డిస్తున్న అత్తయ్యగారు, "దానికంత ఆలోచన ఏమిటండీ! రోలు నున్నబడితే కక్కు కొట్టించమూ? ఇదీ అంతే" అన్నారు. మావయ్యగారు ముద్ద ఆపి, "ఆ మాట ముందే చెప్పొచ్చుగా అల్లుడుగారూ" అన్నారు. నిజానికి ఆ పోలిక తప్పు. రోటి కక్కు పప్పుని పట్టి నలగ్గొట్టాలి, లైనరు గీత రింగుని పట్టుకోనే కూడదు. కానీ ఒప్పుకున్న మామగారిని మళ్ళీ ఒప్పించబోయే అల్లుడు ఉండడు. గోంగూర పచ్చడి మారు వేయించుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. ఇంజను బిగించి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు తొక్కించాక లారీ ఇంటి ముందే ఆగింది. రోజూ పొద్దున్నే స్టార్టు చేసి ఐడిలింగులో ఉంచుతున్నారు.

"లోడెప్పుడు మావయ్యగారూ?"

"అప్పుడేనా! అంత కష్టపడి పెట్టించిన గీతలు అరిగిపోవూ?"

మొనలు అరగాలనే కదా ఇదంతా అన్నాను. లోడు పడితేనే గ్యాసు ఒత్తిడి రింగుల్ని గోడకి నొక్కుతుందనీ, అప్పుడే మొనలు పోయి రింగులు కుదురుకుంటాయనీ చెప్పాను. ఇలా ఊరికే తిప్పుతుంటే ఆయిలు మాడి, గోడకి పొరలా పట్టి, గీతలన్నీ పూడిపోతాయన్నాను. ఆయన సాంతం విన్నారు.

"అంటే బండి బాగుపడాలంటే కిరాయికి పంపాలంటారు."

"పంపాలి."

"సైన్సే చెబుతోందా ఆ మాట?"

"సైన్సే."

సాయంత్రానికల్లా లారీ లోడెత్తుకుని హైదరాబాదు దారి పట్టింది. ఇంతకాలానికి అల్లుడి చదువు కిరాయి తెచ్చిపెట్టిందని మావయ్యగారు వీధిలో అందరికీ చెబుతున్నారు.