అల ఎటు తోస్తే అటు

కొత్తవలసలో పుట్టి, దారుల మీద అభిప్రాయం లేనివాడికి రేషన్ కార్డు ఇవ్వరేమోనని నా అనుమానం. అసలు ఊరే జంక్షను. విశాఖ నుంచి వచ్చే పట్టాలు ఇక్కడ చీలి, ఒకటి విజయనగరానికీ, ఇంకొకటి అరకు మీదుగా కిరండూల్‌కీ పోతాయి. రోడ్డు సంగతి మరీను. వైజాగ్‌కి పెందుర్తి నుంచి తిన్నగా ఎన్ఏడీకి పోవాలా, ఆరు లైన్ల హైవే ఎక్కి ఆనందపురం చుట్టి దిగాలా అన్న తగువు పెళ్లి పందిళ్లలో కూడా తేలలేదు. అంచేత ఈత రాని నేను, సముద్రానికి పాతిక కిలోమీటర్ల అవతల కూర్చుని, నడిసముద్రపు పడవ పందెంలో ఏ రూటు మంచిదో చెప్పబోవడంలో వింతేమీ లేదు.

ఆ పడవ పేరు సర్ఫ్‌స్కీ. ఆరు మీటర్ల పొడవు, నడుము పట్టేంత వెడల్పు. దాని మీద కూర్చుని తెడ్డేస్తూ, వెనకగాలి లేపిన అలల మీద జారిపోతారు. వీటిలో పేరుమోసిన పందెం హవాయిలో మొలొకాయ్ దీవి నుంచి ఒవాహు దీవికి, కైవి జలసంధికి అడ్డంగా జరుగుతుంది. దూరం సుమారు 51 కిలోమీటర్లు.

రైల్వేలో రిటైరైన మా మావయ్యకి టీకొట్టు దగ్గర ఈ సంగతి చెప్పాను.

"ఇటో దీవి, అటో దీవి. తిన్నగా పోడమే కదేటి? ఇందులో రూటేట్రా అల్లుడూ?" అన్నాడు.

తిరకాసంతా అక్కడే. గాలి మనం పోవాల్సిన చోటికే వీస్తుందన్న పూచీ లేదు. అల ఎటు తోస్తే అటు జారితే వేగం వస్తుంది, దారి పక్కకి పోతుంది. గీత గీసినట్టు పోతానంటే అలల్ని ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి, భుజాలు పోతాయి. అందుకని కొందరు ముందే ఉత్తరానికి, గాలొచ్చే వైపుకి కష్టపడి ఎక్కి, తర్వాత దర్జాగా దిగుతారు. మరికొందరు మొదట్లోనే దక్షిణానికి జారి సుఖపడి, ఆఖర్న ఏడుస్తూ పైకి తెడ్డేస్తారు. ఇంతా చేసి ఒవాహు చేరాక, మౌనలువా అఖాతంలోకి మలుపు తిరగ్గానే గాలి కాస్తా ఎదురవుతుంది. అప్పుడు అందరూ ఏడుస్తారు.

లెక్క వేసి చూస్తే భలేగా ఉంటుంది. సగం దూరం పది డిగ్రీలు పక్కకి పోయి, మిగతా సగం అంతే వాలుగా గమ్యం వైపు తిరిగామనుకోండి. మధ్యలో తిన్నని గీతకి నాలుగున్నర కిలోమీటర్ల అవతల ఉంటాం, వెంట వచ్చే తోడు పడవవాడు ఇలవేల్పుని తలుచుకునేంత దూరం. తీరా పెరిగిన ప్రయాణం 800 మీటర్ల లోపే! ప్రవాహం మాత్రం అంత మంచిది కాదు. గంటకి 2 కిలోమీటర్ల చొప్పున పక్కకి లాగే నీరు మూడున్నర గంటల్లో 7 కిలోమీటర్లు ఈడ్చుకుపోతుంది, పైగా కంటికి కనపడకుండా.

దక్షిణాఫ్రికా వస్తాదు ఆస్కార్ చలుప్‌స్కీ 1983 నుంచి 2012 దాకా ఈ పందెం 12 సార్లు గెలిచాడు. ఇలాంటివాడు ఏ దారిన పోతే అదే రాచబాట అయిపోతుంది. వేరే దారిన పోయినా ఆయనే గెలిచేవాడేమోనని ఎవరికీ తోచదు. ఓడినవాడైతే మరీ హాయి, తప్పంతా దారిదే, తన పొట్టది కాదు.

"ఒకే మనిషిని రెండు దార్లలోనూ పంపితే తేలిపోను కదా," అన్నాడు మావయ్య.

"అదే రోజు, అదే గాలిలో ఎలా పంపుతాం మావయ్యా?"

"మరి తేలందానికి టీ ఎందుకు తాగించేవు?" అని రెండోది కూడా చెప్పాడు, నా లెక్కలోనే.

నా మనసులో మన పందెం ఒకటుంది, విశాఖ ఆర్కే బీచి నుంచి భీమిలికి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఎండాకాలం గాలీ అటే, ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి నీటి పోకా అటే. ఈ గాలికి పైనీరు లోపలికి జరిగి, అడుగునున్న చల్లనీరు పైకొస్తుందని 1950లలోనే ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ పరిశోధించి చెప్పాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో నీరు ఎదురు తిరుగుతుంది కాబట్టి ముహూర్తం మే నెలలోనే పెట్టాలి.

ఈ పథకమంతా భీమిలి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత ముందు పరిచాను. ఆయన తలెత్తకుండానే, "యారాడ కొండ సాటున గాలి పట్టదు. ముందు లోనికెల్లాల. ఆనక కొండ గుర్తులు సూసుకుంటా దిగాల," అని రూటు తేల్చేశాడు. నేను డిగ్రీలు చెప్పబోతే వినలేదు.

"మరి ఎనక్కెలాగొస్తారు?" అన్నాడు.

కేప్‌టౌన్‌లో మిల్లర్స్ పాయింట్ నుంచి ఫిష్ హూక్ దాకా గాలివాటున పోయేవాళ్లు పడవల్ని బండికి కట్టుకుని మళ్లీ మొదటికి పోతారనీ, మనమూ లారీ మాట్లాడుకోవచ్చనీ చెప్పాను.

తాత వల పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎల్లేటప్పుడు గాలి తోస్తాది, వచ్చేటప్పుడు లారీ మోస్తాది. మద్దిలో నువ్వు సేసిందేటి బావూ?"