తలకొట్టిన కుంచం

నన్ను చేసినవాడు కమ్మరి. ఇనపరేకు గుండ్రంగా వంచి, అడుగు బిగించి, మూతికీ నడుముకీ పట్టీలు వేశాడు. మాది పట్టిసీమ. ఏటి నడుమ దేవకూట పర్వతం మీద వీరభద్రుడు, ఒడ్డున మా రైతు లోగిలి, అందులో గాదె పక్కన మేకుకి నేను. మా వంశం పెద్దదే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు నేను. మా నలుగురం కలిస్తే తూము, ఇరవై తూములు పుట్టి. సోలా తవ్వా వంటింట్లో ఆడవాళ్ల చేతుల్లో తిరిగేవి. పక్కింటావిడ ఏ సోలతో బియ్యం బదులు పట్టుకెళితే ఆ సోలతోనే తెచ్చి పోసేది, పేచీ ఉండేది కాదు. నా బతుకు మాత్రం కళ్లంలో.

తూర్పారబట్టిన రాశిలో నన్ను ముంచి, మొదటి కుంచానికి 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అనేవారు. రెండు, మూడు ఆ తరవాతే. లాభం ఎవరిదో మాత్రం కొలిచే చెయ్యి తేల్చేది. రాశిలోకి బలంగా గుచ్చి, పక్కన రెండు దెబ్బలు వేస్తే గింజ సర్దుకుని మరో రెండు గుప్పిళ్లు పడుతుంది. పైనుంచి తేలిగ్గా జారవిడిస్తే గుల్లగా ఉండి తొందరగా నిండిపోతుంది. ఇక మూతిమీద కథ వేరు. గోపురంలా పేర్చి కొలవొచ్చు, అరచేత్తో తలకొట్టి చదునుగా కొలవొచ్చు. మూతి ఎంత వెడల్పయితే ఆ గోపురం అంత పెద్దది. నా మూతి వెడల్పే!

కౌలుగింజలు తీసుకునేటప్పుడు మా ఆసామి నా తల జోలికి వచ్చేవాడు కాదు. కూలి కొలిచేటప్పుడు అరచెయ్యి చకచకా ఆడేది.

"అయ్యగారూ, ఇంకో గుప్పెడు పడనియ్యండి."

"నిండింది కదే, కనపడట్లేదా?"

నిండిన మాట నిజమే. రెండుసార్లూ నేను నిండాను. అబద్ధమాడే అవసరం లేకుండానే మోసం జరిగే కొలత నాది. చాకలికీ, మంగలికీ, నన్ను చేసిన కమ్మరికీ ఏటా కళ్లంలో ఇచ్చే మేర కూడా ఈ మూతి మీదుగానే వెళ్లింది.

1956లో ఢిల్లీలో తూనికల చట్టం చేశారు, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలుపెట్టారు. కళ్లాలు మాత్రం చాలా ఏళ్లు నన్నే నమ్ముకున్నాయి. ఇప్పుడు 75 కిలోల బస్తా, కరెంటు కాటా. కాటాకి తల లేదు, కొట్టడానికి. అయితే గింజలో తేమ ఉంటుంది. 17 శాతం దాటిందంటే కోత, దాటలేదని రైతు, దాటిందని కొనేవాడు. ఆ గొడవ వింటుంటే నాకు పరాయిగా అనిపించదు. నాలో ఇప్పుడు కోళ్లకు వేసే నూకలుంటున్నాయి.

2015లో మా ఊరి దగ్గరే ఎత్తిపోతల పథకం వచ్చింది. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. గోదారిని పోలవరం కుడికాలువలో పోసి కృష్ణకు పంపుతారు, ఏటా 80 టీఎంసీలు లక్ష్యమన్నారు. పుట్టికి 80 కుంచాలే కాబట్టి ఆ అంకె నాకు తెలిసినదే! ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులట. నీరు గోపురంలా నిలవదు కనక ఇక్కడైనా తలకొట్టుడు ఉండదనుకున్నాను. ఎన్ని టీఎంసీలు వెళ్లాయో అడిగితే టీకొట్టు దగ్గర రెండు పార్టీలవాళ్లూ రెండు లెక్కలు చెబుతున్నారు.